పదకొండు ప్యాంట్లు చిరిగిన సోమవారం

టైలర్ మాస్టారు ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్యాంట్లు కుడుతున్నాడు. ఆయన కుట్టు విడిపోయిందన్న మాట ఆ వీధిలో ఎవరి నోటా రాలేదు. గుడ్డ వెలిసిపోయేది, జిప్పు పోయేది, ఒక్కోసారి తొడుక్కున్న మనిషే పోయేవాడు గానీ, మాస్టారి కుట్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది.

అలాంటిది ఒక సోమవారం పొద్దున, షట్టరు ఇంకా సగమే పైకి లేచి ఉండగా, యోగా టీచరమ్మ దాని కింది నుంచి వంగి లోపలికి వచ్చి, పెద్ద సంచీ ఒకటి కటింగు బల్ల మీద బోర్లించింది. నల్ల ప్యాంట్లు పదకొండు. పదకొండూ ఒకే చోట చిరిగి ఉన్నాయి. ఆ చోటు నలుగురిలో చెప్పుకునేది కాదు.

"మొన్న మీరిచ్చిన ఇరవై నాలుగింట్లోవే ఇవి," అంది టీచరమ్మ. "కాళ్ళు ఎడంగా పెట్టి ముందుకి వంగమన్నాను. మొదటి వరుసలో ఒకటి పర్రుమంది. మిగతావాళ్ళు నవ్వారు. నవ్వేసరికి వాళ్ళవీ పోయాయి."

మాస్టారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, చిరుగు వెంట వేలు పెట్టి తడిమాడు. రెండు వరసల కుట్టు. కొలిచి వేసిన కుట్టు. కుట్టు పక్కన గుడ్డే పీలికలైంది.

"కుట్టులో దోషం లేదమ్మా," అన్నాడు. "మీవాళ్ళే సరిగ్గా వంగలేదు."

"సరిగ్గా అంటే ఎలా వంగాలంటారు?"

"మర్యాదగా."

వెనక చాప మీద కూర్చుని కాజాలు కుడుతున్న ఆయన భార్య కిసుక్కున నవ్వి, దారం కొరుకుతున్నట్టు తల దించుకుంది. ఆవిణ్ణి వీధంతా బొత్తాలక్క అంటారు. ఆ కొట్లో చేత్తో చేసే పనంతా ఆవిడదే. కాజాలు, బొత్తాలు, అంచు మడతలు, అన్నీ ఒక మోకాలు పైకి పెట్టుకుని చాప మీద కూర్చునే కుట్టేది. మిషను, స్టూలు, గొంతు మాత్రం మాస్టారివి.

మాస్టారు వంచిన తల ఎత్తకుండా పని చేస్తాడని అందరూ మెచ్చుకునేవారు. నిజానికి ఎత్తడం ఆయనకి చేతనయ్యేది కాదు. యాభై మూడేళ్ళకే మెడ ముందుకి సాగి గొడుగు పిడిలా వంకర తిరిగింది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. కుడిచేతి వేళ్ళు రెండు తిమ్మిరెక్కి ఉండేవి, సూదిలో దారం బొత్తాలక్కే ఎక్కించి ఇవ్వాలి. కోపమా, అది ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది, పాపం కళ్ళద్దాలకి చోటు లేకుండా.

టీచరమ్మ గొంతు పెంచే మనిషి కాదు, మాట వదిలే మనిషీ కాదు. "మీరు వాళ్ళందర్నీ నిలబెట్టి కొలిచారు మాస్టారూ. నిలబెట్టి కొలిచిన ప్యాంటు నిలబడటానికే పనికొస్తుంది. రేపు ఆరింటికి టేపు పట్టుకుని రండి. వంగుతుండగా కొలుద్దురుగాని," అని సంచీ దులుపుకుని వెళ్ళిపోయింది.

మాస్టారికి ఆ రోజు తిండి సయించలేదు. పదకొండు. ఒకటీ అరా అయితే గుడ్డ మీదికి నెట్టెయ్యొచ్చు.

మర్నాడు ఆరింటికి టేపు మెడలో వేసుకుని, సుద్దముక్క జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. యోగా హాలు ఒక టైర్ల షాపు పైన ఉంది. కిందనుంచి రబ్బరు వాసన వచ్చేది. టీచరమ్మ "ఊపిరి వదలండి" అన్నప్పుడల్లా కింద ఎవరో మాట విన్నట్టు ఒక టైరు బుస్సుమని గాలి వదిలేది. అలవాటైనవాళ్ళు పట్టించుకునేవారు కాదు. మాస్టారు మాత్రం ప్రతిసారీ తన కుట్టే పోయిందేమోనని ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

ఆవిడ వారంలో అయిదు రోజులు అయిదు రకాలు నేర్పేది. సోమవారం హఠయోగం, ఒక్కో ఆసనంలో నిదానంగా నిలబడాలి. బుధవారం బెల్టులు, చెక్కదిమ్మెలు, కుర్చీలు ఆసరాగా పెట్టుకుని చేసేది. గురువారం యిన్, నేల మీద ఒక్కో భంగిమలో నాలుగైదు నిమిషాలు ఒళ్ళు వదిలేసి ఉండిపోవాలి. శుక్రవారం ఒట్టి ఊపిరి పనే. మాస్టారి అదృష్టం కొద్దీ ఆ రోజు మంగళవారం, అంటే విన్యాస. ఊపిరికొక ఆసనం, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఆగకుండా పోవాలి.

మాస్టారు ముందుగా ట్రాఫిక్ కానిస్టేబుల్ని పట్టుకున్నాడు. ఆయన్ని అందరూ విజిల్ బాబాయి అంటారు. పొట్ట కాస్త ముందు నడిచే మనిషి. బాబాయి చేతులూ కాళ్ళూ నేలకానించి నడుము పైకెత్తాడు. మాస్టారు టేపు నోట కరుచుకుని ఆ వంతెన కిందికి దూరాడు.

"కదలకండి."

"కదిలేదే ఇది మాస్టారూ," అన్నాడు బాబాయి తలకిందులుగా, అని ఒక కాలు ముందుకి విసిరాడు. మాస్టారు ఇటు తప్పుకునేలోగా రెండో కాలు వచ్చింది. ఆయన అటు పాకాడు. అటువైపు మందుల షాపావిడ అప్పుడే కిందికి దిగుతోంది. ముప్పావుగంట సేపు మాస్టారు ఆ హాలంతా మోకాళ్ళ మీద తిరిగాడు. ఒకరి కొలత చీటీ మీద పెట్టేలోపల వాళ్ళు మూడు ఆసనాలు దాటిపోతున్నారు. చివరికి అందరికంటే ఎక్కువ చెమట పట్టింది ఆయనకే, గుండె దడదడలాడింది, మొహం ఎర్రబడింది, ఎందుకో తెలియదుగానీ బలే హుషారుగా ఉంది.

చీటీ చూసుకుంటే మతి పోయింది. నిలబడ్డ బాబాయికి ముందు నడుం నుంచి వెనక నడుం దాకా కాళ్ళ మధ్యగా ఇరవై ఎనిమిది అంగుళాలు. వంగిన బాబాయికి ముప్పై మూడు. అయిదు అంగుళాలు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయి? ముప్పై ఒక్క ఏళ్ళుగా తను కొలుస్తున్నది మనుషుల్ని కాదు, కొయ్యబొమ్మల్ని.

"ఇప్పుడర్థమైంది," అన్నాడు టీచరమ్మతో. "కానీ తొడుక్కుని చేస్తేగాని ఎక్కడ పట్టేస్తోందో తెలీదు. రేపు నాకొక చాప వెయ్యండి. గుడ్డ కోసమే, ఇంకేం లేదు."

"గుడ్డ కోసమే రండి," అంది ఆవిడ.

బుధవారం ఆసరాల రోజు. టీచరమ్మ ఆయన కాలికి బెల్టు తగిలించింది, చేతి కింద చెక్కదిమ్మె పెట్టింది, అయినా మాస్టారి వేళ్ళకీ కాలికీ మధ్య జానెడు దూరం మిగిలిపోయింది. "వేళ్ళు నేలకి ఆనించక్కర్లేదు, దిమ్మె ఉన్నది అందుకే. చేతికి నేల అందకపోతే నేలనే పైకి తెచ్చుకుందాం," అంది టీచరమ్మ. తర్వాత దుప్పటి ఒకటి చుట్టగా చుట్టి, భుజాల కింద ఉండేట్టు పెట్టి, ఆయన్ని దానిమీద వెల్లకిలా పడుకోబెట్టింది. తల కింద మెత్త పెట్టి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయింది.

లోపల ఎక్కడో టిక్కుమంది. మెడ వెనక్కి వాలింది. మాస్టారికి సీలింగు కనిపించింది.

తెల్లగా ఉంది. మధ్యలో ఒక ఫ్యాను, దాని రెక్క మీద దుమ్ము. సీలింగు అనేది ఒకటుంటుందన్న సంగతే ఆయన మరిచిపోయాడు. ఇన్నేళ్ళూ ఆయన చూసింది గుడ్డ, సూది, జనాల నడుములు. పొట్టలో ఎక్కడో నవ్వు మొదలైంది. ఆపుకోబోతే భుజాలు అదిరాయి. భుజాలు ఆపబోతే దుప్పటి చుట్ట దొర్లింది. పకపకా నవ్వుతూ పక్క చాప మీదికి పోయాడు.

"ఛాతీ ఏళ్ళ తరబడి ముడుచుకుపోయినవాళ్ళకి, తెరుచుకున్నప్పుడు ఒక్కోసారి అలా అవుతుంది," అంది టీచరమ్మ అందరితో, వాతావరణం చెబుతున్నట్టు. "నవ్వొస్తుంది, కొంతమందికి ఏడుపొస్తుంది. వచ్చింది రానివ్వండి."

మెట్లు దిగుతూ కూడా నవ్వాడు. టైర్ల షాపతను "ఏంటి మాస్టారూ సంగతి" అంటే, "సీలింగు తెల్లగా ఉందయ్యా" అని చెప్పి వెళ్ళిపోయాడు. అతను పాపం తల ఎత్తి తన సీలింగు చూసుకున్నాడు.

గురువారం యిన్‌లో, కాలు మడిచి అయిదు నిమిషాలు ఉండగా, తొడ లోపలివైపు లావుపాటి కుట్టు ఎలా గుచ్చుతుందో స్వయంగా తెలిసింది. ఆ మాట రాసుకుందామని చీటీ తీసి, చీటీ చేతిలో ఉండగానే నిద్రపోయాడు. ఆ గురక విని కింద కంప్రెసర్ ఆన్ చేశారనుకున్నారు కొందరు. శుక్రవారం ఊపిరి పాఠం. "కడుపు నిండేట్టు తీసుకోండి" అని టీచరమ్మ అనగానే చిరగని ప్యాంట్లు తొడుక్కున్న పదమూడు పొట్టలు ఉబ్బబోయి, మాస్టారు బిగించి కుట్టిన నడుం పట్టీకి తగిలి ఆగిపోయాయి. ఆయనకి సిగ్గేసింది. ఇంతమంది ఊపిరి తన పట్టీల్లో ఇరుక్కుని ఉందా? తర్వాత చెవులు మూసుకుని తుమ్మెదలా ఝుంకారం చెయ్యమంటే మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. ముప్పై ఒక్క ఏళ్ళు మిషను పక్కన కూర్చున్న మనిషి, సరిగ్గా మిషను శ్రుతిలోనే పట్టాడు. ఆ గుంయ్యిమనే చప్పుడు తలలోకి దిగి, అక్కడ రాత్రింబవళ్ళు తిరిగే లెక్కలన్నిటినీ కాసేపు పడుకోబెట్టింది.

పదిహేను రోజుల్లో కొత్త ప్యాంట్లు తయారయ్యాయి. కాళ్ళ సందున నాలుగు పలకల ముక్క ఒకటి వేశాడు, మోకాలి దగ్గర రెండు కుచ్చిళ్ళు పెట్టాడు, నడుముకి మెత్తటి పట్టీ వేశాడు, కుట్టంతా చదునుగా నొక్కేశాడు. టీచరమ్మ వాటిని తొడిగించి సోమవారం నాటి ఆసనమే మళ్ళీ వేయించింది. హాలంతా చెవులు రిక్కించి వంగింది. ఏ చప్పుడూ రాలేదు.

గుడ్డ పని అయిపోయింది. మాస్టారు మాత్రం మంగళవారం ఆరింటికి మళ్ళీ చాప పరుచుకున్నాడు. టీచరమ్మ ఎందుకని అడగలేదు.

మూడు నెలలు తిరిగేసరికి ఆయన మెడ మాత్రమే తిప్పి వెనక్కి చూడగలిగాడు. ఈ సంగతి మొదట కనిపెట్టింది ఎదురుకొట్టు ఇస్త్రీ అతను, మాస్టారు చూడడనుకుని వెనకనుంచి ఆయన్ని వెక్కిరిస్తూ దొరికిపోయినప్పుడు. వేళ్ళ తిమ్మిరి పూర్తిగా పోలేదుగానీ, సూదిలో దారం తనే ఎక్కించుకుంటున్నాడు. కటింగు బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టించి నడుం వంచకుండా కత్తిరిస్తున్నాడు. కత్తెర పెట్టేముందు ఒకసారి నిదానంగా ఊపిరి వదులుతాడు. దాంతో గీత తిన్నగా పోతోందని ఆయన నమ్మకం.

బొత్తాలక్కకి మాత్రం భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం, ఒక చొక్కా నాలుగోసారి వెనక్కి తెచ్చినాయనతో మాస్టారు నవ్వుతూ "అరంగుళమేగా, కూర్చోండి" అనడం విని, ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం, దుక్కలా ఉన్నాను."

"పది రోజులైంది మీరు ఎవర్నైనా తిట్టి. మొన్న బాబిన్‌లో దారం చిక్కుపడితే కూడా ఏమీ అనలేదు. నా దగ్గర దాచకండి. డాక్టరేమైనా చెప్పాడా?"

మాస్టారు ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. మర్నాడు ఆయన వెనకే వచ్చి, హాల్లో గోడవారగా కూర్చుని, ఒళ్ళో ఒక ప్యాంటు పెట్టుకుని అంచు కుడుతూ కాపలా కాసింది. అందరూ పద్మాసనం వెయ్యడానికి తంటాలు పడుతున్నారు. మాస్టారు రెండు చేతులతో కాలు ఎత్తుకుని, మూడు నెలలుగా ఎత్తుకుంటున్నట్టే, దాన్ని బతిమాలుతున్నాడు.

"మీరూ చూడకూడదూ అక్కా," అంది టీచరమ్మ.

బొత్తాలక్క సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టి, ఒక కాలు తీసి ఈ తొడ మీద వేసింది, రెండోది తీసి ఆ తొడ మీద వేసింది. వెన్ను నిటారుగా పెట్టి, "ఇలాగేనా? తర్వాతేంటి?" అంది.

హాల్లో చప్పట్లు. మాస్టారి కాలు చేతిలోంచి జారి ధబ్బుమని పడింది.

"నేల మీద కూర్చుని పని చేసేవాళ్ళ తుంటి కీళ్ళు అలాగే ఉంటాయి, తెరుచుకుని," అంది టీచరమ్మ. "స్టూలు మీద కూర్చునేవాళ్ళవి బిగుసుకుపోతాయి."

"చూశావా?" అన్నాడు మాస్టారు, ఓటమిలో వాటా దొరికినట్టు. "ఇన్నేళ్ళూ నిన్ను చాప మీద కూర్చోబెట్టింది నేనేగా."

"మీరు కూర్చోబెట్టడమేంటి? ఉన్నది ఒక్క స్టూలు. అది మీరు లాక్కున్నారు."

విజిల్ బాబాయి ఆ మాటకి నవ్వి నవ్వి పద్మాసనంలోంచి వెనక్కి దొర్లాడు, తిరిగి లేవడానికి ఇద్దరు సాయం పట్టాల్సొచ్చింది.

ఆ రోజునుంచి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. మాస్టారికి లోపల మంట లేదంటే అబద్ధమే. తను చెమటలు కక్కుతూ చేరుకునే చోటికి ఆవిడ పక్క గదిలోకి వెళ్ళినట్టు వెళ్ళి కూర్చునేది. కానీ భుజాలు పైకి ఎత్తమంటే మాత్రం ఆవిడకి సగం దాకా వచ్చి ఆగిపోయేవి, పళ్ళు బిగబట్టేది. అక్కడ నొప్పి ఉందని ఆయనతో ఎప్పుడూ అనలేదు. యిన్ రోజున, పొడుగ్గా పెట్టిన మెత్త మీద వెనక్కి వాలి అయిదు నిమిషాలు పడుకుంది. ఇంటికి నడుస్తుండగా ఉన్నట్టుండి, "పగటిపూట ఇలా వెల్లకిలా పడుకోవడం నాకిదే మొదటిసారి అండీ," అంది. ఫిర్యాదులా అనలేదు, విచిత్రం చెప్పినట్టు చెప్పింది.

కొట్టుకి వెళ్ళాక మాస్టారు స్టూలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. తను చాప మీద చతికిలబడి, ఆవిడ చేతిలోంచి చొక్కా లాక్కుని, కాజా ఒకటి కుట్టాడు. ముప్పావుగంట పట్టింది. అయ్యాక ఇద్దరూ దాన్ని వెలుతురులో పట్టుకుని చూశారు. నోరు తెరిచిన చేపలా ఉంది.

"బొత్తాం పడుతుందంటావా?" అన్నాడు.

"బొత్తామేంటి, మీ వేలే పడుతుంది," అంది ఆవిడ, ఇద్దరూ షట్టరు బయటికి వినిపించేట్టు నవ్వారు.

ఆ యేడాది చివర యోగా కేంద్రం వార్షికోత్సవం పురపాలక సంఘం హాల్లో పెట్టారు. నాలుగు వందల కుర్చీలు నిండాయి. ముఖ్య అతిథి మునిసిపల్ ఇంజినీరు. స్టేజీ మీద ఇరవై నాలుగుమంది ఉండాలి, ఊళ్ళో ఏదో ఊరేగింపు ఉండి విజిల్ బాబాయికి డ్యూటీ పడింది. సూదీ దారంతో తెర వెనక సిద్ధంగా నిలబడ్డ మాస్టార్ని చూసి టీచరమ్మ, "బాబాయి చాప ఖాళీగా ఉంది," అంది.

"నేనా? నా వల్ల కాదమ్మా. నాకిప్పటికీ పద్మాసనం..."

"మీకు వచ్చినంతే చెయ్యండి. మిగతాది అక్క చేస్తుంది."

తెర లేచింది. పదకొండు ప్యాంట్ల కథ ఊరంతా పాకి ఉంది కాబట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి వంగే ఘట్టం రాగానే నాలుగు వందలమందీ కుర్చీల్లో ముందుకి జరిగి చెవులు అప్పగించారు. ఇరవై నాలుగు నడుములు వంగాయి. నిశ్శబ్దం. వెనక వరుసలో ఎవరో "గట్టి కుట్టే" అన్నారు నిట్టూరుస్తూ. వంగి ఉన్న మాస్టారికి తలకిందులుగా జనమంతా కనిపించారు, ఒళ్ళంతా దూదిలా తేలిపోయింది.

అసలు ముచ్చట చివర్లో జరిగింది. శవాసనం వేయించే ముందు టీచరమ్మ, "ప్రేక్షకులు కూడా కుర్చీల్లోనే కళ్ళు మూసుకోండి," అంది. లైట్లు తగ్గాయి. కాలి వేళ్ళనుంచి మొదలుపెట్టి, మడమలు వదలండి, మోకాళ్ళు వదలండి, అంటూ ఆవిడ గొంతు హాలంతా మెల్లగా నిమురుకుంటూ పోయింది. దవడ దగ్గరికి వచ్చేసరికి మొదటి వరుసలోంచి ఒక గురక వచ్చింది. దానికి బదులుగా బాల్కనీలోంచి ఇంకోటి. తర్వాత ఎడమనుంచి, కుడినుంచి, సన్నవీ లావువీ, ఈలపాటవీ. ఇంజినీరుగారిది అన్నిటికంటే గంభీరంగా ఉంది.

వెల్లకిలా పడుకున్న మాస్టారు ఒక కన్ను తెరిచి పక్కకి చూశాడు. పక్క చాప మీద బొత్తాలక్క పొట్ట చిన్నగా అదురుతోంది. చూడకుండా ఉండాల్సింది. ఆయన పొట్టా మొదలైంది. అటుపక్క మందుల షాపావిడది, ఆపైన ఇంకొకరిది, చూస్తుండగా ఇరవై నాలుగు పొట్టలు చప్పుడు లేకుండా ఎగిరెగిరి పడ్డాయి. ఎప్పుడూ గొంతు వణకని టీచరమ్మ, "నుదురు వద..." అని అక్కడే ఆగి, మైకు చేత్తో మూసేసి, అటు తిరిగిపోయింది.

కుర్చీల్లోని జనాన్ని లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇరవై నిమిషాలు నిద్రపోయారు. ఇంజినీరుగారు లేచి, చెంప మీద కుర్చీ అచ్చుతోనే మైకు దగ్గరికి వచ్చి, ఈ హాల్లో తను చూసిన వాటిలో ఇంత మంచి కార్యక్రమం ఇంకోటి లేదన్నాడు. నాలుగు వందలమందీ ఆవులిస్తూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత మాస్టారి కొట్లో కొలతలు తీసే పద్ధతే మారిపోయింది. వచ్చినవాళ్ళని నిలబెడతాడు, కూర్చోబెడతాడు, వంగమంటాడు. నడుం కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళకి, "వదిలెయ్యండి, నా దగ్గర మొహమాటమెందుకు" అని చెప్పి, వదిలేదాకా ఆగుతాడు. శీర్షాసనం నేర్పమని టీచరమ్మని మూడుసార్లు అడిగాడు. ఆ మెడతో కుదరదని ఆవిడ మూడుసార్లూ చెప్పింది. నాలుగోసారి అడగబోతున్నాడని వినికిడి.

ఈలోగా టీచరమ్మ ఊరి అటు చివర ఇంకో హాలు తెరిచింది. ఇక్కడి గురువారాలు ఎవరికి అప్పగించాలా అని పెద్దగా ఆలోచించలేదు. ఇప్పుడు గురువారం పొద్దున ఆరింటికి బొత్తాలక్క ముందు కూర్చుంటుంది, మాస్టారు వెనక వరుసలో కిటికీ పక్కన చాప వేసుకుంటాడు. ఇంట్లోనూ ఆవిడే, కొట్లోనూ ఆవిడే, ఇక్కడా ఆవిడేనా అని మొదటిరోజు కాస్త గొణిగాడు.

"వెనక వరుసలో కిటికీ పక్కనున్నాయన," అంది బొత్తాలక్క, కళ్ళు మూసుకునే. "గొణగడం ఆపి ఊపిరి వదలండి."

ఆయన వదిలాడు.